చివరికి ఏమైందో చెప్పకూడదట!

పోయిన నెల ఓ మంగళవారం సాయంత్రం నేను ఒక కథని చెడగొట్టాను. ఈ మాట నేననలేదు. మేం నెలకోసారి కలుసుకునే పుస్తకాల గుంపుకి పెద్దదిక్కయిన ఓ రిటైర్డ్ టీచరమ్మ అంది. పోనీ ఆ కథ నిన్నగాక మొన్న వచ్చిందా అంటే అదీ కాదు. హెచ్.జి. వెల్స్ 'వార్ ఆఫ్ ద వరల్డ్స్'. 1897లో పత్రికలో ధారావాహికగా వచ్చి, 1898లో పుస్తకమైంది. మా తాత పుట్టకముందే ఊరందరికీ తెలిసిపోయిన కథ. నేను చేసిన నేరమల్లా టీలో బిస్కెట్టు ముంచుకుంటూ, "పాపం, అంగారకుడి నుంచి అంత దూరం వచ్చి, చివరికి మన సూక్ష్మజీవులు సోకి చచ్చారు" అని జాలిపడటం.

గదిలో ఎనిమిదిమందిమి. నేను తప్ప మిగతా అందరూ గుడిలో చెప్పులతో నడిచినవాణ్ణి చూసినట్టు చూశారు. కొత్తగా చేరిన కుర్రాడు పుస్తకం మూసేసి, "నాకింకా నలభై పేజీలు ఉన్నాయి" అన్నాడు చిన్న గొంతుతో. టీచరమ్మ కళ్ళజోడు ముక్కు చివరికి దించి ఒకే ఒక్క మాట అంది. "స్పాయిలర్."

నా బిస్కెట్టు విరిగి టీలో పడిపోయింది. ఆ సాయంత్రం నిజంగా చెడిపోయింది అదొక్కటే.

చెడిపోవడం అంటే ఏమిటో మనకు తెలీదా? పాలు విరిగిపోతాయి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే బూజు పడుతుంది. అందుకు మా అమ్మ తిట్టిందంటే అర్థముంది. నూట పాతికేళ్ళు దాటిన కథ నా ఒక్కమాటతో ఎలా చెడిపోతుంది? అది అంత నాజూకు సరుకైతే ఇన్నాళ్ళు నిలిచేదేనా?

అసలు తమాషా ఏమిటంటే, ఇదంతా జరిగింది వోకింగ్‌లో. లండన్ వాటర్లూ నుంచి అరగంట రైలు ప్రయాణం. వెల్స్ 1895లో ఇక్కడికొచ్చి, రైలుకట్టకి ఎదురుగా ఉన్న మేబరీ రోడ్డులో కాపురముండి ఆ నవల రాశాడు. సైకిలేసుకుని చుట్టుపక్కల తిరుగుతూ, నా అంగారకులు ఎవరి ఇల్లు కూల్చాలి, ఎవరిని మసి చెయ్యాలి అని గుర్తులు పెట్టుకునేవాణ్ణని ఆయనే చెప్పుకున్నాడు. వాళ్ళ మొదటి గొట్టం వచ్చి పడేది మా ఇంటికి నడకదూరంలో ఉన్న హార్సెల్ కామన్ ఇసకగుంటలో. ఆ నవలకి నూరేళ్ళు నిండిన 1998లో ఊరివాళ్ళు బజారు మధ్య ఏడు మీటర్ల ఎత్తున మూడు కాళ్ళ ఉక్కు యంత్రాన్ని నిలబెట్టారు. మైకేల్ కాండ్రన్ అనే శిల్పి చేశాడు. నేల చీల్చుకుని దిగబడ్డ గొట్టం కూడా పక్కనే ఉంటుంది. ఇక ఆ యంత్రం కింద నేలమీద పరిచిన పలకల మీద ఏం చెక్కారనుకున్నారు? సూక్ష్మజీవులు! అంగారకుల్ని చంపిన సూక్ష్మజీవులు! కథ ముగింపుని ఊరంతా రోజూ చెప్పులతో తొక్కుకుంటూ కూరగాయలకి పోతుంటే లేని దోషం, ఆరంబాక్కం నుంచి వచ్చిన నేను నోరు తెరిస్తే వచ్చిందా?

ఈ ముక్క ఆ రాత్రి ఇంటికి నడుస్తుంటే తట్టింది. అప్పుడే తట్టి ఉంటే అనేసేవాణ్ణి. జవాబులన్నీ తిరుగుదారిలోనే ఎందుకు తడతాయో!

వీళ్ళని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి. ఏడు గంటలంటే ఏడు గంటలకి వస్తారు. పుస్తకం చివరిదాకా చదివే వస్తారు, ఆ కుర్రాడు తప్ప. నచ్చని చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఎందుకు నచ్చలేదో గొంతు పెంచకుండా చెబుతారు. ఎనభై దాటిన ఓ పెద్దాయన తొమ్మిదో ఏట కొనుక్కున్న వెల్స్ ప్రతినే ఇప్పటికీ సంచీలో వేసుకొస్తాడు. మన దగ్గర చదవని పుస్తకం మీదే వాదన ఎక్కువ. అట్ట చూసి ఒకడు, సినిమా చూసి ఒకడు, ఆ రచయిత కులం చూసి ఇంకొకడు తయారవుతారు. ఆ గోల నుంచి వచ్చినవాడికి ఈ గది దేవాలయంలా ఉంటుంది. కాకపోతే దేవాలయంలో కథ చెబితే ఎవరూ కోప్పడరు.

పోయిన ఏడాది ఇదే గదిలో ఒకాయన ఎంతో మర్యాదగా, "మీ భాషలో సైన్స్ ఫిక్షన్ ఉందా, లేక పురాణాలేనా?" అని అడిగాడు. ఆ 'లేక' నా గుండెలో ముల్లులా దిగింది. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369' చెప్పాను. కాలయంత్రం ఎక్కి కృష్ణదేవరాయల కొలువుకి పోయి, అక్కణ్ణుంచి 2504వ సంవత్సరానికి దూకే కథ. యండమూరి 'చీకట్లో సూర్యుడు' చెప్పాను. అప్పటికీ రోషం తగ్గక, ఆనంద వికటన్‌లో సుజాత రాసిన 'ఎన్ ఇనియ ఇయందిరా' కూడా మనదే అన్నట్టు చెప్పేశాను. సుజాత తమిళాయన. అసలు పేరు రంగరాజన్, బెంగుళూరు బి.ఇ.ఎల్.లో ఇంజనీరు, మనం వోట్లు నొక్కే యంత్రం తయారీలో చెయ్యి ఉన్నవాడు. ఆయన నవలలో జీనో అనే మరకుక్క ఉంటుంది, కథ జరిగేది 2021లో. ఎనభైల్లో చదివినప్పుడు 2021 అంటే ఎప్పటికీ రాని ఏడాదిలా ఉండేది. తీరా అది వచ్చిననాడు నేను మూతికి గుడ్డ కట్టుకుని ఇక్కడ టీకా కోసం క్యూలో నిలబడి ఉన్నాను. మరకుక్క లేదు, సూక్ష్మజీవి మాత్రం ఉంది. వెల్సే గెలిచాడు.

సుజాతని మనవాడని చెప్పుకునే హక్కు నీకెక్కడిది అంటే, ఆరంబాక్కం వాడికి ఆ మాత్రం హక్కుంది. మద్రాసు నుంచి గూడూరు పోయే రైలుమార్గంలో తమిళనాడుకి మాదే ఆఖరి స్టేషన్. తర్వాతది తడ, అది ఆంధ్ర. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సర్దినప్పుడు తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు అటు పోయింది. మేం ఎక్కడివాళ్ళం అక్కడే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కొట్లో రెండూ. బోర్డు మీద ఒక లిపి, తిట్టులో ఇంకో లిపి.

అట్లాంటి ఊళ్ళో నాకు తొలి స్పాయిలర్ పదేళ్ళప్పుడు తగిలింది. దాన్ని స్పాయిలర్ అంటారని అప్పుడు తెలీదు గానీ, చెప్పినవాడి పేరు మాత్రం ఇప్పటికీ నా ఫోనులో 'అంబులిమామ' అనే ఉంది.

చందమామ, తమిళ అంబులిమామ, రెండూ 1947 జులైలోనే పుట్టాయి. కవలపిల్లలు. రెండూ మద్రాసు వడపళనిలోనే అచ్చయ్యేవి. అదే బొమ్మ, అదే కథ, అదే నెల, అక్షరాలే వేరు. హైవే పక్కన మా అంబులిమామగాడి నాన్నకి టీకొట్టు. గిరాకీల కోసం దినతంతితో పాటు అంబులిమామ కూడా తెప్పించేవాడు. మద్రాసు బస్సు కట్ట విసిరేసి పోతే, టీ తాగే లారీ డ్రైవర్లకంటే ముందే వీడు చదివేసేవాడు. నా చందమామ సంగతి వేరు. నాయన సూళ్ళూరుపేట ఏజెంటు దగ్గర చెప్పి పెట్టాడు, తెలుగు పత్రికలు అక్కడికే వచ్చేవి గనక. అంటే మద్రాసులో రైలెక్కిన నా చందమామ మా స్టేషన్ మీదుగానే, మా ఇంటి వెనక నుంచే, నా కళ్ళముందే ముందుకి పోయేది. తడ, అక్కంపేట దాటి సూళ్ళూరుపేటలో దిగి, కట్ట విప్పుకుని, అటు పోయినవాళ్ళెవరైనా తీసుకొస్తే మళ్ళీ వెనక్కి వచ్చేది. ఈ మూడు స్టేషన్ల తిరుగుడుకి రెండ్రోజులు పట్టేది, ఒక్కోసారి నాలుగు.

ఆ రెండ్రోజులూ అంబులిమామగాడికి పండగ. బడికి నడిచే దారిలో 'మాయాసరోవరం' కొత్త భాగమంతా చెప్పేవాడు. సగం తమిళం, సగం తెలుగు. జయశీలుడు కత్తి దూస్తే వీడు తుమ్మబరికె దూసేవాడు. సిద్ధసాధకుడు అరిస్తే రైలుకట్ట మీద మేకలు బెదిరేవి. వాడు కొంచెం ఆగాడంటే నేను "అప్పురం?" అనాలి. తర్వాత అని అర్థం. అనకపోతే చెప్పడు. అప్పురం కూడా ఊరికే అంటే ఒప్పుకోడు, ఆత్రంగా అనాలి.

మరి నా కథ చెడిపోయిందా? చందమామ చేతికొచ్చాక నేను ఒక్కసారైనా మానేశానా? అంతకుముందు కన్నా ఎక్కువ మోజుతో చదివేవాణ్ణి. వీడు ఎక్కడ కోతలు కోశాడో పట్టుకోవాలి కదా! వాడు చెప్పిన పోట్లాటలో సగం చందమామలో ఉండేది కాదు. నిజం చెప్పొద్దూ, లేని సగమే బాగుండేది.

ఆ ధారావాహికలన్నీ రాసింది ఒకే మనిషి అని మాకు తెలీదు. పేరు వెయ్యలేదు మరి. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం... ఒక తరాన్ని నెలనెలా అన్నం మాన్పించిన దాసరి సుబ్రహ్మణ్యం తన పేరు లేకుండానే ఆ పని చేశారు. తొలినాళ్ళ ధారావాహికలకి రంగుల బొమ్మలు వేసిన చిత్రా సంతకం కనబడేది గానీ రాసినాయన సంతకం ఎక్కడా లేదు. 2010 జనవరిలో ఆయన పోయినప్పుడు గానీ, ఇన్నాళ్ళూ నాకు కథ చెప్పినాయన ఫలానా అని నాకు సరిగ్గా తెలిసిరాలేదు. ఇక్కడ పుస్తకం అట్టమీద కథ పేరు కంటే రచయిత పేరు పెద్దది. అది తప్పని కాదు, ఉండాల్సిందే. ఆయనకు లేకపోయిందే అని బాధ.

మళ్ళీ నా గొడవకే వస్తాను. ఇంతకీ ముగింపు తెలిస్తే కథ చెడిపోతుందన్న సూత్రాన్ని చందమామ ముందు నిలబెట్టి చూద్దాం. బేతాళకథ. విక్రమార్కుడు పట్టువదలడు, చెట్టెక్కుతాడు, శవాన్ని దించుతాడు, భుజాన వేసుకుంటాడు. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. రాజుకి మౌనభంగం, శవం మళ్ళీ చెట్టుమీద. ప్రతి నెలా ఇదే మొదలు, ఇదే చివర. శంకర్ గారి బొమ్మలో ఆ రాజు, ఆ కత్తి, ఆ శవం, ఆ పుర్రెలు కూడా మారవు. ముగింపు ముందే తెలిస్తే మోజు పోయేదైతే ఆ శీర్షిక రెండో నెలలోనే మూతపడాలి. దశాబ్దాలు నడిచింది!

ఇంకా పాతదానికి పోదాం. మా అవ్వది నగరి వైపు పల్లె. అక్కడ ద్రౌపదమ్మ తిరునాళ్ళంటే పగలు హరికథ, రాత్రి నాటకం, రోజుల తరబడి భారతం. ఒకరోజు అర్జునుడు తపస్సుకని ఆకాశమంత మాను ఎక్కుతాడు. ఆఖరిరోజు దుర్యోధన వధ. తెల్లారేసరికే ఊరిబయట మైదానంలో మట్టితో దుర్యోధనుణ్ణి చేసి వెల్లకిలా పడుకోబెట్టి ఉంటారు. అరటిచెట్లంత కాళ్ళు, పైకి తిరిగిన మీసాలు, గుడ్లు ఉరిమి చూస్తుంటాయి. తొడలో ఎర్రనీళ్ళ కుండ దాచిపెడతారు. అవ్వ నన్ను చంకనేసుకుని ముందే ఆ తొడ చూపించేది. "ఇక్కడేరా భీముడు కొట్టేది, ఇక్కడ్నించే నెత్తురొచ్చేది." సాయంత్రం భీముడు గద ఎత్తేసరికి ఆ మైదానం మీద వేలమంది, ముగింపు పొద్దుణ్ణించీ కళ్ళముందు మట్టిలో పడుకుని ఉన్నా, కొత్తగా కేకలు పెట్టేవాళ్ళు. ముందే తొడ చూపించిన మా అవ్వే అందరికంటే గట్టిగా ఏడ్చేది. దుర్యోధనుడి కోసం!

వోకింగ్ బజారులో ఆ సూక్ష్మజీవుల పలకలు చూసిన మొదటిరోజే నాకు ఈ మట్టిబొమ్మ గుర్తొచ్చింది. ఊరు ఊరంతా ముగింపుని నేలమీద పరుచుకోవడం మాకు కొత్త కాదు.

అవ్వకి చదవను రాదు. ఆమెకి చందమామ చదివి వినిపించడం నా పని. పళ్ళెంలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చునేది. ధారావాహిక మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టేది. "ముందా సంగతి చెప్పు అబ్బయా. ఆ రాజకూతురు బతుకుద్దా, బతకదా? బతకదంటే నేనిప్పుడే లేచిపోతా, నాకు పనుంది." బతుకుతుందని ఒట్టు పెడితే గానీ వినేది కాదు. అంబులిమామగాడు చెప్పేసి ఉంటే సరే, చెప్పకపోతే నేనే ముందు మొత్తం చదివి ఆమెకి హామీ ఇవ్వాలి. అంత హామీ తీసుకుని కూడా, కథలో ఆ పిల్ల కొండచిలువ నోటికి చిక్కబోతుంటే బియ్యంలో చెయ్యి ఆగిపోయేది. నేను గుటక వేస్తే, "ఊ" అనేది. ఊ అంటే ఆపొద్దని. ఒక్కోసారి వీరుడు లోయలో పడిపోతాడు, కింద 'ఇంకా వుంది' అని ఉంటుంది. నాకు ఏడుపు. ఆమె తాపీగా రాయి ఏరి బయట పారేసి, "చావడులే. వాడే చస్తే మళ్ళా నెల పుస్తకం ఎవురు కొంటారు?" అనేది. పత్రిక నడిపేవాళ్ళ కిటుకు ఆమె చదువు లేకుండానే పట్టేసింది.

ఇలా అవ్వని అడ్డం పెట్టుకుని టీచరమ్మని గెలిచేద్దామనుకున్నానా, సరిగ్గా అక్కడే నాకు 1979 గుర్తొచ్చి కాలు జారింది.

ఆగస్టు 10. బడికి పోకుండా అందరం మేడమీద ఉన్నాం. పులికాట్ సరస్సుకి అవతల శ్రీహరికోట. 1971 నుంచి అక్కడ చిన్న రాకెట్లు వేస్తూనే ఉన్నా, ఇది వేరే సంగతి అన్నారు. ఎస్.ఎల్.వి-3, ఉపగ్రహాన్ని మోసుకుపోయేది, మనవాళ్ళు కట్టింది. కలాం అనే ఆయన దానికి పెద్దని అప్పట్లో మాకు తెలీదు. ఎనిమిదవబోతుండగా ఈశాన్యం మూల నీళ్ళమీద నుంచి ఒక వెలుగు లేచింది. వెనక తెల్లటి గీత. మేం చూసి చప్పట్లు కొట్టడం అయిపోయాక, ఎంతోసేపటికి, దూరపు ఉరుములాంటి చప్పుడు వచ్చింది. అవ్వ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ అలవాటుగా అడిగింది. "చేరుద్దా? పడిపోద్దా?"

ఎవరూ చెప్పలేదు. నాయన చెప్పలేదు. అంబులిమామగాడు మా మేడమీదే ఉన్నాడు, వాడి నోరు కూడా లేవలేదు. ఆ కథ రెండ్రోజులు ముందు ఏ టీకొట్టుకీ రాలేదు. గీత సముద్రం మీదికి వంగి, పలచబడి, మబ్బులో కలిసిపోయింది. సముద్రంలో పడిపోయిందని తర్వాత రేడియో చెప్పింది. లేచింది మొదలు ఐదారు నిమిషాల బతుకట. మరుసటి ఏడాది, 1980 జులై 18, మళ్ళీ అదే మేడ, మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి అవ్వ అడిగి, తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు రోహిణి కక్ష్యలోకి చేరింది. మేడమీద ఆ నిమిషాల్లో కడుపులో తిరిగింది ఏమిటో, అది ఏ చందమామా నాకు ఇవ్వలేదు. ముగింపు తెలీకపోవడంలోని రుచి అది.

2023లో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగుతున్నప్పుడు ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. ఆఫీసులో అన్నం డబ్బా మూత తియ్యకుండా ఫోను పట్టుకుని కూర్చున్నాను. పక్కసీటతను నిమిషం ముందున్న ప్రసారం చూస్తూ చెప్పబోతే "చెప్పొద్దు!" అని అరిచాను. అవును, నేనే అరిచాను. ఈ సంగతి టీచరమ్మకి తెలీదు, మీరూ చెప్పకండి.

కాబట్టి ఆమెది పూర్తిగా తప్పని అనను. అసలు ఆ సాయంత్రమే కుర్రాడికి సారీ చెప్పాను కూడా. కానీ సారీ చెప్పినంత మాత్రాన రోషం చల్లారుతుందా? వెల్స్ తన మొదటి వాక్యాల్లోనే సూక్ష్మదర్శిని కింద నీటిబొట్టులో కదిలే ప్రాణుల ముచ్చట తెస్తాడు. ముగింపు అక్కడే విత్తనం వేశాడు, కావాలంటే చూడండి అని ఆ పేజీ తీసి చూపించాను. పెద్దాయన నవ్వాడు. టీచరమ్మ నవ్వలేదు గానీ, "సరే, వచ్చే నెల మీ వంతు. మీ వైపు కథ ఏదైనా తెండి. మేమెవరం చదవం. మీరే చెప్పండి. అప్పుడు ఎవరి కథా పాడవదు" అంది.

శిక్ష వేసిందో, వరమిచ్చిందో అర్థంకాలేదు. 'మాయాసరోవరం' అని చెప్పేసి ఇంటికొచ్చాను. ఆదివారం కాగితం ముందేసుకుని కూర్చుంటే తెలిసింది, నాకు సగం గుర్తులేదు. కొండ గుర్తుంది, అడవి గుర్తుంది, తుమ్మబరికె గుర్తుంది. మధ్యలో ఎవరు ఎవరిని ఎందుకు వెంటాడారో పోయింది. పాత సంచికలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, నాకు తెలుసు. అయినా ఫోను తీశాను.

అంబులిమామ ఇప్పుడు తాత. టీకొట్టు పోయి, కొడుకు అదే చోట టైర్లషాపు పెట్టాడు. విషయం చెబితే ముందు ఒకటే నవ్వు. "దొరలకి చెప్తావా? నీకు చెప్పడం ఏడొచ్చు? నువ్వు అప్పురం అనేవాడివే గదప్పా!" తర్వాత మొదలుపెట్టాడు. గంటా పదినిమిషాలు. మధ్యలో రైలు పోతే ఆగాడు. హైవేమీద లారీ హారను కొడితే వాణ్ణి తిట్టి, వదిలిన చోటే మళ్ళీ అందుకున్నాడు. ఎంత వరకు చందమామ, ఎంత వరకు వాడి సొంతమో అడగలేదు. నేను రాసుకుంటూ, ఆగినప్పుడల్లా "అప్పురం?" అన్నాను. ఒకసారి రాసుకోవడంలో పడి మరిచిపోతే, "ఏమప్పా, వింటా ఉండావా, నిద్రపోయినావా?" అని గద్దించాడు.

మొన్న మంగళవారం చెప్పాను. మొదటి పది నిమిషాలు ఆ గదిలో చలిగాలి. మనిషి కథ చెబుతుంటే ఊ కొట్టాలని వీళ్ళకి ఎవరూ నేర్పలేదు. మర్యాదగా, నిశ్శబ్దంగా, కళ్ళార్పకుండా చూస్తారు. గోడకి చెబుతున్నట్టుంది. చివరికి ఆపేసి చెప్పాను. మా వైపు వినేవాడు ఊ అనకపోతే చెప్పేవాడికి పాపం తగులుతుందని. ఈ పాపం సంగతి అప్పటికప్పుడు నేను పుట్టించిందే. పెద్దాయన గొంతు సవరించుకుని, "ఊ" అన్నాడు. ఆ ఊ ఇంగ్లీషులో ఉంది, అయినా పనికొచ్చింది. కుర్రాడు అందుకున్నాడు. తుమ్మబరికె లేదు గనక టీచరమ్మ గొడుగు అడిగి తీసుకున్నాను.

ఎనిమిదిన్నరకి గది ఖాళీ చెయ్యాలి. ఎనిమిదీ ఇరవై ఎనిమిదికి నా వీరుడు లోయ అంచున వేలాడుతున్నాడు. గొడుగు మడిచి ఆమె చేతికిచ్చి, కాగితాలు సంచీలో పెట్టుకుని, "ఇంకా వుంది. వచ్చే నెల" అన్నాను.

టీచరమ్మ గొడుగు పట్టుకుని లేవకుండా కూర్చుండిపోయింది. "అండ్ దెన్?" అంది.

చెప్పలేదు. చెబితే చెడిపోతుందన్నాను.

తిరుగుదారిలో మూడు కాళ్ళ యంత్రం కింద, ఆ పలకల మీద నిలబడి ఫోను తీశాను. అక్కడ రాత్రి ఒంటిగంట దాటి ఉంటుంది, లేపడం భావ్యం కాదని వాయిస్ మెసేజి పెట్టాను. వాడి కథ ఎలా పండిందో చెప్పి, బదులుగా నాకు తెలిసిన కథ మొదలుపెట్టాను. అంగారకుడు, గొట్టం, ఇసకగుంట, ఊళ్ళు తగలబడటం, మనుషులు రైళ్ళెక్కి పారిపోవడం. చివరికి ఏ ఆయుధమూ పనిచెయ్యక, కంటికి కనబడని పురుగు సోకి ఆ రాక్షసులు కుప్పకూలడం దాకా, అంతా మనసారా చెడగొట్టేశాను. ఆరు నిమిషాలు పట్టింది.

పొద్దున లేచి చూస్తే వాడి జవాబు వచ్చి ఉంది. ఒకటే మాట.

"అప్పురం?"